కల్పిత యంత్రాలు : ప్రాక్స్‌మాక్స్‌పై ఒక విమర్శ

పదవ తరగతికి భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయునికి 'మిథ్యా ప్రతిబింబం' అనే మాట క్రొత్త కాదు. అద్దంలో మన ముఖం కనిపిస్తుంది. కాని అద్దం వెనుక తెర పెట్టి దానిని పట్టుకొందామంటే పట్టుబడదు. 'వర్చువల్' అనే ఇంగ్లీషు విశేషణానికి మన పాఠ్యగ్రంథాలు ఇచ్చిన తెలుగు 'మిథ్య'. ఆ లెక్కన వర్చువల్ మెషీన్‌ను 'మిథ్యాయంత్రం' అనవలసి వస్తుంది. అది సరి కాదని నా అభిప్రాయం. ఈ యంత్రం చేసిన కూడిక నిజమైన కూడికే. అది పంపిన మార్కుల పట్టీ నిజమైన కాగితం మీదనే అచ్చు పడుతుంది. దానికి లేనిదల్లా తనదంటూ వేరొక శరీరం. అందుచేత ఈ వ్యాసంలో దానిని 'కల్పిత యంత్రం' అంటాను. మన విద్యార్థులు కొందరు ఎరిగిన 'వర్చువల్ ల్యాబ్స్' సంగతి వేరు. హైదరాబాదు ఐ.ఐ.ఐ.టి. కూడ పాలు పంచుకొన్న ఆ పథకంలో కల్పితమైనది ప్రయోగం; ఇక్కడ కల్పితమైనది ప్రయోగం చేసే కంప్యూటరే.

విమర్శకు తీసికొన్న వస్తువు ప్రాక్స్‌మాక్స్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ అనే సాఫ్ట్‌వేరు. ఆస్ట్రియా దేశంలోని వియన్నా నగరపు సంస్థ ఒకటి 2008లో దీనిని మొదట విడుదల చేసింది. డెబియన్ అనే లినక్స్ వ్యవస్థపై నిర్మించిన ఈ వేదిక ఒక సర్వరును, అనగా అనేకులకు ఏకకాలంలో పని చేసిపెట్టే కంప్యూటరును, పది ఇరవై కంప్యూటర్లుగా పంచి ఇస్తుంది. దీని మూలపాఠం, అనగా ప్రోగ్రాము వ్రాసినవారు వ్రాసిన అసలు వ్రాత, ఎవరైనా తీసికొని చదువవచ్చు, మార్చవచ్చు, నలుగురికి పంచవచ్చు. ఇటువంటి బహిరంగ సాఫ్ట్‌వేరుకు తన కార్యాలయాలలో ప్రాధాన్యం ఇవ్వాలని భారత ప్రభుత్వం 2015లో ఒక విధానమే ప్రకటించింది.

దీనిని గురించిన ప్రశంసలు కావలసినన్ని ఉన్నవి. నేను పెట్టుకొన్న కొలబద్ద ఒక్కటే. పటమటలో ఏదో ఒక ఉన్నత పాఠశాలలో, కంప్యూటరు గది తాళంచెవి ఎవరి జేబులో ఉంటుందో ఆ ఉపాధ్యాయుడు దీనిని నడపగలడా? ఎట్లా పనిచేస్తున్నదో పిల్లలకు చెప్పగలడా? చెడినప్పుడు తిరిగి నిలబెట్టగలడా? పెద్ద సంస్థలకు ఉద్యోగులున్నారు. వారి సంగతి వారు చూచుకొంటారు.

సూత్రం మాత్రం పటమటవారికి చెప్పడం తేలిక. బందరు కాలువ మన ప్రక్క నుంచే పోతున్నది. 1855 నాటి ఆనకట్ట గాని, 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజి గాని చేసిన పని ఏమిటి? ఉన్న నీటిని ఒకచోట నిలిపి, లాకులు, తూములు, పిల్లకాలువల ద్వారా వేల కమతాలకు పంచడం. ఏ రైతుకు ఆ రైతు తన తూము క్రింది నీరు తన నీరే అనుకొంటాడు. సర్వరులోని ప్రాసెసరు, జ్ఞాపకశక్తి, డిస్కు ఈ నీటి వంటివి. వాటిని పంచే 'హైపర్‌వైజర్' అనే కార్యక్రమం కాలువ లస్కరు వంటిది. ఒక్కొక్క కల్పిత యంత్రం ఒక్కొక్క కమతం.

ఈ ఊహ నిన్న మొన్నటిది కాదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రపు కేంబ్రిడ్జిలో ఐ.బి.ఎం. ఇంజనీర్లు 1967 నాటికే ఒక పెద్ద కంప్యూటరును ఇట్లా విభజించి వాడారు. 1972లో ఆ సంస్థ దానిని వి.ఎం. 370 పేరుతో తన వినియోగదారులకు అందించింది. 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు లస్కరుకు ఉండవలసిన లక్షణాలు మూడింటిని నిర్వచించారు. కల్పిత యంత్రంలో నడిచే ప్రోగ్రాము అసలు యంత్రం మీద నడిచినట్లే నడవాలి. వనరులన్నింటి మీద అధికారం లస్కరుదే కావాలి. ఆదేశాలలో అత్యధిక భాగం లస్కరు చేయి పడకుండా సూటిగా ప్రాసెసరు మీదనే జరిగిపోవాలి. మన బల్లల మీది కంప్యూటర్ల ప్రాసెసర్లు చాలాకాలం ఈ పరీక్షలో తప్పినవి. అధికారం లేని ప్రోగ్రాము ఇచ్చినప్పుడు కొన్ని ఆదేశాలు లస్కరును పిలువవలసింది పోయి, చప్పుడు చేయకుండా వేరొక ఫలితం ఇచ్చి ఊరుకొనేవి. ఇంటెల్ 2005లోను, ఎ.ఎం.డి. 2006లోను ఈ లోపాన్ని ప్రాసెసరులోనే సవరించిన తరువాత గాని మార్గం సుగమం కాలేదు. వెంటనే 2007 ఫిబ్రవరిలో 'కె.వి.ఎం.' అనే హైపర్‌వైజర్ లినక్స్‌లో అంతర్భాగమైంది. ప్రాక్స్‌మాక్స్ వాడే లస్కరు అతడే.

దీనితో పాటు 'కంటైనరు' అనే రెండవ పద్ధతి కూడ ఈ వేదిక మీద ఉన్నది. రెండింటికీ భేదం ఇట్లా చెప్పవచ్చు. కల్పిత యంత్రం వేరు కాపురం. దానికి సొంత కెర్నెల్, అనగా యంత్రాన్ని నడిపే మూల కార్యక్రమం, ఉంటుంది. కంటైనరు ఉమ్మడి ఇంట్లో వేరు పొయ్యి. కెర్నెల్ అందరికీ ఒక్కటే. వేరు పొయ్యికి ఖర్చు తక్కువ. కాని ఉమ్మడి ఇల్లు లినక్స్‌ది గనుక ఆ పొయ్యి మీద విండోస్ వండడం కుదరదు. ఇంటి దూలానికి చెద పట్టితే అన్ని పొయ్యిలకూ ప్రమాదమే.

ఇక గుణదోషాలు. దీనిని ఒక పాత సర్వరు మీద నెలకొల్పి చూచాను. పెన్‌డ్రైవులో ఎక్కించి యంత్రాన్ని మొదలుపెడితే, ఒకటి రెండు ప్రశ్నలడిగి, చాయ్ త్రాగి వచ్చేలోగా సిద్ధమైంది. ఆ తరువాత సర్వరుకు తెర అక్కరలేదు, కీబోర్డు అక్కరలేదు. గదిలోని ఏ కంప్యూటరు నుండి అయినా బ్రౌజరులో దానిని నడపవచ్చు. కల్పిత యంత్రాన్ని పుట్టించడం, ఆపడం, దాని నకలు తీయడం, చెడగొట్టి మళ్లీ మునుపటి స్థితికి తేవడం అన్నీ ఆ ఒక్క పుటలోనే. ఈ చివరిది ఉపాధ్యాయునికి పెద్ద వరం. "దీన్ని ముట్టుకోవద్దు, దాన్ని నొక్కవద్దు" అని కంప్యూటరు గదిలో మనం పిల్లలను ఎంత కట్టడి చేస్తామో అందరికీ తెలుసు. ఇక్కడ చెడగొట్టనిస్తే నేర్చుకొంటారు. నిమిషంలో వెనక్కు తేవచ్చు. రసాయనశాలలో పగిలిన బీకరును ఇట్లా అతికించలేము గదా.

రెండవ గుణం, లోపలికి చూడనివ్వడం. కంటైనర్లకు జ్ఞాపకశక్తిని హద్దు కట్టి ఇచ్చే లినక్స్ భాగాన్ని తెరిస్తే, 2007 నాటి ఐ.బి.ఎం. రచనగా బల్బీర్ సింగ్ పేరు కనిపిస్తుంది. ప్రాసెసరు కాలాన్ని గుంపుల వారీగా పంచే భాగంలో శ్రీవత్స వడ్డగిరి పేరు కనిపిస్తుంది. ప్రపంచమంతటా సర్వర్లలో నడుస్తున్న పంపిణీ సూత్రాన్ని వ్రాసినవారి పేర్లతో సహా తొమ్మిదవ తరగతి పిల్లవాడు చదవగలగడం చిన్న సంగతి కాదు. మూతపెట్టిన సాఫ్ట్‌వేరులో ఈ అవకాశం లేదు.

దోషాలలో చిన్నదానితో మొదలుపెడతాను. నెలకొల్పిన వెంటనే ఈ వ్యవస్థ నవీకరణల కోసం చందాదారుల భాండారం తలుపు తడుతుంది. చందా కట్టనివానికి ఆ తలుపు తెరవదు. చందా లేనివారికి వేరే భాండారం ఉచితంగానే ఉన్నది. కాని దారి మనమే వెదికి మార్చుకోవాలి. పైగా లోనికి ప్రవేశించినప్పుడెల్లా మీకు చందా లేదని తెర గుర్తుచేస్తుంది. చందా తక్కువలో తక్కువ ప్రాసెసరు సాకెట్ ఒక్కింటికి ఏడాదికి వంద యూరోలకు పైమాటే. వ్రాసినవారూ బ్రతకాలి, దానిని నేను తప్పు పట్టను. ఉచితంగా ఇచ్చినదానిలో ఒక విజ్ఞాపన సహించరానిది కాదు. అసలు ఖర్చు అక్కడ లేదు. కార్యాలయాలు తీసివేసిన పాత సర్వరు 150 వాట్లు లాగుతుందనుకొంటే రోజుకు 3.6 యూనిట్లు, నెలకు 108 యూనిట్లు. రోహిణీ కార్తెలో బెజవాడలో మూసిన గదిలో దానిని చల్లబరచడం వేరే లెక్క. 'ఉచితం' అనే మాట విన్నప్పుడు ఈ గుణకారం పిల్లల చేత చేయించడం మంచిది.

పెద్ద దోషం వేరే ఉన్నది. అది ఈ వేదిక కొరతను చూపించే పద్ధతిలో ఉన్నది.

ఒక తరగతిని ఊహించుకొందాం. సర్వరులో 32 గిగాబైట్ల జ్ఞాపకశక్తి ఉన్నది. విద్యార్థులు 30 మంది. ఒక్కొక్కరికి 2 గిగాబైట్ల కల్పిత యంత్రం ఇచ్చాము. వెరసి 60 గిగాబైట్లు. ఉన్నది 32. తెర అభ్యంతరం చెప్పదు. ముప్పై యంత్రాలూ పుడతాయి, ముప్పైకీ ఆకుపచ్చ గుర్తు వెలుగుతుంది. మామూలు రోజున ఒక్కొక్క యంత్రం 0.7 గిగాబైటు మాత్రమే వాడుకొంటే మొత్తం 21. ఏ ఇబ్బందీ లేదు. ప్రాక్టికల్ పరీక్షనాడు అందరూ ఒకేసారి బ్రౌజరు తెరిచి 1.5 గిగాబైట్ల చొప్పున కోరితే 45. ఇప్పుడు లస్కరు ఏమి చేస్తాడు? ముందు డిస్కులో కొంత భాగాన్ని జ్ఞాపకశక్తికి బదులుగా వాడతాడు, అది అమర్చి ఉంటే. యంత్రాలన్నీ నత్తనడక నడుస్తాయి. అప్పటికీ చాలకపోతే లినక్స్ కెర్నెల్ ఎక్కువ జ్ఞాపకశక్తి తింటున్న పనిని ఒకదానిని ఎంచి చంపివేస్తుంది. సర్వరు దృష్టిలో ఒక విద్యార్థి యంత్రం మొత్తం కలిసి ఒక్క పనే. అందుచేత ఆ పిల్లవాడి కంప్యూటరు కరెంటు పోయినట్లు మాయమవుతుంది. వాడు చేసిన తప్పు ఏమీ లేదు.

కాలువ క్రింద సేద్యం ఎరిగినవారికి ఇది తెలిసిన కథే. తలభాగాన ఉన్నవారందరికీ తూములు మంజూరు చేయడం సులభం. వర్షం తక్కువైన ఏడు శివారు భూములు ఎండుతాయి. అయితే ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది, విద్యార్థులు దానిని తప్పక గ్రహించాలి. ప్రాసెసరును కూడ ఉన్నదానికంటె ఎక్కువగా పంచి ఇవ్వవచ్చు. దాని వల్ల ప్రాణాపాయం లేదు. ఎందుకంటే ప్రాసెసరును పంచడం కాలాన్ని పంచడం. వంతుల వారీగా నీరు పెట్టుకొన్నట్లు, అందరికీ ఆలస్యమవుతుందే కాని ఎవరికీ పూర్తిగా లేకుండా పోదు. జ్ఞాపకశక్తి కాలం కాదు, చోటు. నా మడిలో నిలిచి ఉన్న నీరు అదే క్షణంలో నీ మడిలో ఉండదు. ఈ రెండు రకాల కొరతలను ఒకే పుటలో, ఒకే రకమైన అంకెల పెట్టెలలో ప్రక్క ప్రక్కన అడగడం వల్ల క్రొత్తవారికి రెండూ ఒకటే అనిపిస్తుంది.

న్యాయం చెప్పాలంటే, సహాయగ్రంథంలో హెచ్చరిక ఉన్నది. సర్వరు సొంతానికి కనీసం 1 గిగాబైటు విడిచిపెట్టమని అక్కడ చెప్పారు. సర్వరు ప్రస్తుతం ఎంత వాడుతున్నదో తెర మీద పటం కూడ గీసి చూపుతుంది. వాడకాన్ని చూపుతుంది, వాగ్దానాల మొత్తాన్ని కూడి ఉన్నదాని సరసన పెట్టి చూపదు. కట్టవలసిన మొత్తం వ్రాయకుండా చేతిలో ఉన్న నగదు మాత్రం వ్రాసే చిట్టా వంటిదిది. డిస్కు విషయంలోనూ అంతే. 'పలుచని కేటాయింపు' అనే పద్ధతిలో లేని చోటును వాగ్దానం చేయవచ్చు. నిండిననాడు యంత్రాలన్నీ ఒక్కసారి వ్రాయలేక నిలబడిపోతాయి. పెద్ద సంస్థలలో ఈ కూడిక వేసే ఉద్యోగి వేరే ఉంటాడు. మన కొలబద్దలోని ఉపాధ్యాయునికి ఆ కూడిక తెరే వేసిపెట్టాలి. అందాకా ఆయన గోడ మీద ఒక పట్టిక వ్రేలాడదీయడమే దారి. లినక్స్ పాఠాలకు మాత్రమైతే కల్పిత యంత్రాలు మాని కంటైనర్లు ఇవ్వడం మేలు, ఒక్కింటికి 0.3 గిగాబైటు చొప్పున ముప్పై మందికీ 9 గిగాబైట్లతో సరిపోతుంది.

తరువాతి విషయం భద్రత. ఒక యంత్రం స్థితిని ఉన్నదున్నట్లు పట్టి ఉంచే 'స్నాప్‌షాట్' సౌకర్యాన్ని పైన మెచ్చుకొన్నాను. అది నకలు కాదు. అదే డిస్కులో ఉంటుంది. డిస్కు పోతే దానితోపాటే పోతుంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్ ప్రాంతమంతా నీట మునిగింది. ఆ రెండు రోజులలోనే ప్రకాశం బ్యారేజి వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. నేల అంతస్తు గదిలో ముప్పై కంప్యూటర్లు బల్లల మీద విడివిడిగా ఉంటే కొన్నింటినైనా మేడ మీదికి మోయవచ్చు. ముప్పైని ఒక్క పెట్టెలోకి చేర్చిన తరువాత ఆ ఒక్క పెట్టె మునిగితే అన్నీ మునిగినట్లే. కల్పన యంత్రానికే గాని నీటికి కాదు. ఈ సంస్థవారే 2020లో విడుదల చేసిన బ్యాకప్ సర్వరు ఇందుకు ఉన్నది. నకలు ఉండే యంత్రం వేరే కట్టడంలో, వీలైతే వేరే ఊరిలో ఉండాలి.

రెండు సర్వర్లను జతచేస్తే ఒకటి పోయినా రెండవది నడుస్తుందని చాలామంది అనుకొంటారు. నడవదు, లేక సగమే నడుస్తుంది. కారణం కోరం. పంచాయతీ సమావేశానికి కోరం ఉన్నట్లే సర్వర్ల గుంపుకు కూడ సగానికి మించిన ఓట్లు కావాలి. ఇద్దరిలో సగానికి మించినవారంటే ఇద్దరూ. ఒకరు లేకపోతే మిగిలినవారు ఏ మార్పూ తీర్మానించలేరు, ఆగిన యంత్రాన్ని మొదలుపెట్టలేరు. ముగ్గురుంటే ఇద్దరు చాలు. మరి నలుగురుంటే? ముగ్గురు కావాలి, అనగా ముగ్గురున్నప్పటి వలెనే ఒక్కరు పోతేనే ఓర్చుకోగలరు. నాలుగవ సర్వరు కొన్నందువల్ల ఓర్పు పెరగలేదు. ఇది గణితం తరగతిలో చెప్పదగిన అందమైన లెక్క. నియమం మొండిగా కనిపించినా సరియైనదే. మధ్యనున్న తీగ తెగినప్పుడు ఇద్దరూ "ఎదుటివాడు చచ్చిపోయాడు, యజమానిని నేనే" అనుకొని ఒకే దస్త్రంలో వ్రాయడం మొదలుపెడితే, ఆ నష్టం ఆగిపోవడం కంటె ఘోరం.

ఇతర వేదికల మాట క్లుప్తంగా. వి.ఎం.వేర్ సాఫ్ట్‌వేరు చాలాకాలం ఈ రంగంలో అగ్రస్థానాన ఉన్నది. నాణ్యతలో దానికి వంక పెట్టలేము. 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ సంస్థ దానిని కొన్నది. మరుసటి నెలలోనే శాశ్వత లైసెన్సుల అమ్మకం నిలిపివేసి ఏటేటా చందా పద్ధతి పెట్టింది. 2024లో ఉచిత ముద్రణను ఉపసంహరించి, 2025లో మళ్లీ ఇచ్చింది. ఇవ్వడమూ తీసివేయడమూ ఒకరి చిత్తం మీద ఉన్నది. బహిరంగ సాఫ్ట్‌వేరులోనూ యజమానులు మనసు మార్చుకొంటారు. కాని అక్కడ కథ వేరుగా నడుస్తుంది. జెన్‌సర్వర్ ఉచిత ముద్రణ నుండి 2017 చివర కొన్ని సౌకర్యాలు తీసివేస్తే, 2018లో ఫ్రాన్సు దేశస్థులు అదే మూలపాఠంతో ఎక్స్.సి.పి.ఎన్.జి. అనే వేదికను నిలబెట్టారు. 2023లో ఎల్.ఎక్స్.డి. విషయంలో ఇట్లాగే జరిగి 'ఇన్‌కస్' పుట్టింది. ప్రాక్స్‌మాక్స్ కూడ ఎ.జి.పి.ఎల్. అనే లైసెన్సు క్రింద ఉన్నది గనుక రేపు దాని యజమానులు తలుపు వేసుకొన్నా, ఈనాటి పాఠం మన చేతిలోనే ఉంటుంది.

పాఠం చేతిలో ఉన్నది సరే, అది ఏ భాషలో మాట్లాడుతున్నది? నా అసంతృప్తి అంతా ఇక్కడ ఉన్నది. ప్రాక్స్‌మాక్స్‌కు ఆధారమైన డెబియన్‌ను నెలకొల్పేటప్పుడు భాషల పట్టికలో తెలుగు కనిపిస్తుంది. ఎంచుకొంటే ప్రశ్నలు తెలుగులో అడుగుతుంది. హైదరాబాదులో 'స్వేచ్ఛ' సంస్థవారు 2005 నాటికే తెలుగులో మాట్లాడే లినక్స్ వ్యవస్థ కోసం పని మొదలుపెట్టారు. పునాది తెలుగు తెలిసినదే. దాని మీద లేపిన ప్రాక్స్‌మాక్స్ మేడలో జర్మను, జపనీసు, పారశీకం, బాస్కు భాష కూడ ఉన్నవి, తెలుగు లేదు. దీనికి వియన్నావారిని నిందించడం న్యాయం కాదు. తెర మీది మాటలన్నీ ఒక మామూలు వ్రాతదస్త్రంలో వరుసగా ఉంటాయి. ఇంగ్లీషు వాక్యం క్రింద తమ భాష వాక్యం వ్రాసి పంపవలసినది ఆ భాషవారే. బాస్కు వారు పంపారు. మనం పంపలేదు.

ఈ దస్త్రాన్ని కొంతమంది విద్యార్థులతో కూర్చొని తెలుగు చేయడానికి ప్రయత్నించాను. కొన్ని మాటలు వాటంతట అవే వచ్చినవి. సర్వరును 'హోస్టు' అని, కల్పిత యంత్రాన్ని 'గెస్టు' అని వారు వ్యవహరిస్తారు. ఆతిథేయి, అతిథి అంటే సరిపోయింది. నడుస్తున్న యంత్రాన్ని ఒక సర్వరు నుండి మరొక సర్వరుకు తరలించే 'మైగ్రేట్'కు 'వలస' అని ఒక అమ్మాయి సూచించింది. 'తరలింపు' చాలునని మరొక కుర్రవాడు వాదించాడు. వలస వెళ్లినవారు తిరిగి రావడం అరుదు, యంత్రం రోజూ తిరిగి వస్తుంది అని వాడి వాదన. వాడి మాటే నిలిచింది. 'నోడ్'కు 'కణుపు' బాగున్నది. తీరనివి రెండు మిగిలినవి. 'స్నాప్‌షాట్'ను 'ఛాయాచిత్రం' అంటే ఫోటో అనుకొంటారు. 'ఓవర్‌కమిట్', అనగా ఉన్నదానిని మించి వాగ్దానం చేయడం, దీనికి ఇంత పొడుగు వాక్యం తెర మీది చిన్న పెట్టెలో ఇమడదు. కాలువ లస్కర్ల వాడుకలో గాని, బియ్యపు కొట్ల చిట్టాలలో గాని దీనికి మాట ఉండి ఉంటుంది. ఎరిగిన ఉపాధ్యాయులు ఈ పత్రికకు వ్రాయవచ్చును.